నల్లగొండ గ్రానైటు, కృష్ణ గులకరాళ్ళు: సానపట్టే పని ఎక్కడి దాకా వచ్చింది

రాళ్ళు ఏరి, కోసి, మెరుగు పెట్టే అభిరుచి గురించి దొరికే సూచనల్లో అత్యధిక భాగం అగేట్, జాస్పర్ వంటి సిలికా రాళ్ళను దృష్టిలో పెట్టుకొని చెప్పినవే. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉన్నవారికి గుమ్మం దాటగానే కనిపించేది గ్రానైటు. ఒకే ఖనిజంతో తయారైన రాయికి పనికొచ్చే పద్ధతి నాలుగు ఖనిజాలు కలిసిన రాయికి యథాతథంగా పనికిరాదు కాబట్టి, ఈ ఏడాది నా పని ఎక్కువగా ఏ రాయిని ఏ యంత్రం మీదికి పంపాలో తేల్చుకోవడం చుట్టూనే తిరిగింది.

మన నేల సంగతి ముందు చెప్పుకోవాలి. ఈ ప్రాంతపు గ్రానైట్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. వాటిని చీల్చుకొని తెల్లని పలుగురాయి చారలు, నల్లని డోలరైట్ (శిలాద్రవం గట్టిపడి అయిన రాయి) గోడలు పైకి వచ్చాయి. చెలకల మధ్య నల్లగుండ్లు తిన్నగా ఒకే వరుసలో కిలోమీటర్ల కొద్దీ సాగిపోతుంటే అది డోలరైట్ డైకు, అంటే అలాంటి గోడ అని దూరం నుంచే పోల్చుకోవచ్చు. దక్షిణాన నాగార్జునసాగర్ వైపు వెళ్ళేకొద్దీ గ్రానైటు మీద క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి) పొరలు పరుచుకొని ఉంటాయి. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి చుట్టుపక్కలకు వచ్చేసరికి సున్నపురాయి మొదలవుతుంది. వీటిలో దేనికీ చెందని అగేట్, చాల్సెడొనీ, జాస్పర్ గులకరాళ్ళు మాత్రం కృష్ణానది మోసుకొచ్చినవి. కృష్ణ, భీమ రెండూ మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటకల్లోని దక్కన్ లావా పీఠభూమి మీదుగా ప్రవహించి తంగిడి దగ్గర కలుస్తాయి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి ఆ లావాలో గాలి బుడగలు మిగిల్చిన తొర్రలను సిలికా నింపగా అగేట్ ఏర్పడింది. చుట్టూ ఉన్న బసాల్ట్ శిథిలమై మట్టిగా మారినా కాఠిన్యం ఎక్కువైన అగేట్ మిగిలి, నదిలో దొర్లి దొర్లి బీచుపల్లి దాకా వస్తుంది.

ఏరడానికి అనువైన కాలం వరదలు తగ్గి, జూరాల గేట్లు మూశాక మొదలవుతుంది. వాన నీటికి మట్టి కొట్టుకుపోయిన గులకరాళ్ళ దిబ్బల మీద, పొద్దున్నే ఏటవాలు ఎండలో, సూర్యుడికి ఎదురుగా నడిస్తే చాల్సెడొనీ అంచులు తేనె రంగులో వెలుగుతాయి. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకొని నడిస్తే అదే రాయి ముతక తొక్కతో, మురికి పసుపు రంగులో, ఎవరూ వంగి తీయని రకంగా కనిపిస్తుంది. అనుమానం ఉన్న రాయిని తడిపి చూడాలి, ఎందుకంటే తడి రాయి చూపే రంగే రేపు మెరుగు పెట్టాక కనిపించే రంగు. చాకు మొనతో గీసినప్పుడు రాయి మీద గీత పడితే దాన్ని అక్కడే వదిలేయాలి. గీతకు బదులు లోహపు మరక మాత్రమే మిగిలితే సంచిలో వేసుకోవచ్చు. సున్నపురాయి ముక్క మీద నిమ్మరసం చుక్క వేస్తే నురగ వస్తుంది. పలుగురాయికి, గ్రానైటులో ఉండే మరో ఖనిజం ఫెల్డ్‌స్పార్‌కు తేడా విరిగిన ముఖంలోనే ఉంటుంది: పలుగురాయి వంపులు తిరుగుతూ విరుగుతుంది, ఫెల్డ్‌స్పార్ చదునైన మెట్లుగా విరిగి, తిప్పుతుంటే ఆ మెట్లన్నీ ఒకేసారి తళుక్కుమంటాయి.

పలుగురాయి కోసం నదికి వెళ్ళే పని లేదు. షాద్‌నగర్ నుంచి కల్వకుర్తి, దేవరకొండ దాకా పలుగు, ఫెల్డ్‌స్పార్ గనులున్న నేల ఇది. దున్నినప్పుడల్లా పైకి తేలిన పలుగురాళ్ళను రైతులు గట్ల మీద కుప్పలు పోస్తారు. అడిగి తీసుకోవడం మర్యాద. దేవరకొండ దగ్గర ఒక పెద్దాయనను అడిగితే, "తీస్కపో సారూ, ఎన్ని తీస్కపోతే నా చెల్క అంత సాఫైతది" అని, ఖాళీ ఎరువుల సంచి కూడా ఇచ్చాడు. ఆ కుప్పల్లో నూటికి తొంభై పాలు పగుళ్ళతో నిండి, సానపట్టే డ్రమ్ములో (రాళ్ళను పొడితో కలిపి దొర్లించే యంత్రంలో) వేస్తే నలిగిపోయే రకమే అయినా, అడుగున అప్పుడప్పుడు గులాబీ ఛాయ ఉన్న గట్టి ముక్క ఒకటి దొరుకుతుంది.

అడవిలో మాత్రం చెయ్యి పెట్టకూడదు. 1927 నాటి భారత అటవీ చట్టం ప్రకారం అడవిలో ఉన్న రాయి, ఖనిజం కూడా అటవీ ఉత్పత్తే. నల్లమలలో కృష్ణ ఒడ్డు పొడవునా అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది కాబట్టి ఆ వైపు రాయి ఎంత అందంగా ఉన్నా ఫొటో తీసుకొని రావడమే. చేతిలో భూతద్దం చూసినవాళ్ళు వజ్రాల సంగతి అడగడం కూడా ఈ పనిలో భాగమే. నారాయణపేట వైపు వజ్రాలు ఉండే అవకాశమున్న కింబర్లైట్ రాళ్ళు ఉన్న మాట నిజమే కానీ, కింబర్లైట్ మెత్తగా శిథిలమయ్యే రాయి, సానకు నిలవదు. కర్నూలు జిల్లా జొన్నగిరి చేలల్లో తొలకరి వానల తర్వాత వజ్రాలు వెతికేవారి పని వేరు, నా పని వేరు.

ఇక డ్రమ్ము సంగతి. రబ్బరు లోపలి తొడుగు ఉన్న చిన్న డ్రమ్మును మూడింట రెండు వంతులకు కాస్త పైగా రాళ్ళతో నింపుతాను. తక్కువ నింపితే రాళ్ళు దొర్లే బదులు ఎగిరిపడి అంచులు పగులుతాయి, పూర్తిగా నింపితే కదలవు. ఒకే కాఠిన్యం ఉన్నవాటినే కలపాలి: కాఠిన్యాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో 7 ఉన్న అగేట్‌తో 3 ఉన్న సున్నపురాయిని వేస్తే వారం తిరిగేసరికి సున్నపురాయి పాలలాంటి నీళ్ళుగా మారిపోతుంది. నీళ్ళు పై వరస రాళ్ళ అడుగు దాకా వస్తే చాలు. కిలోన్నర రాళ్ళకు అరగదీసే సిలికాన్ కార్బైడ్ పొడి నాలుగు పెద్ద చెంచాలు. ముందు 60/90 రకం, తర్వాత 120/220, ఆ తర్వాత 500 (సంఖ్య పెరిగేకొద్దీ పొడి సన్నం), చివర మెరుగు పెట్టే సీరియం ఆక్సైడ్ పొడి. ఒక్కో దశకు వారం అని చెబుతారు గానీ, కృష్ణ గులకరాళ్ళకు మొదటి దశను రెండు మూడు సార్లు కొత్త పొడితో తిప్పవలసిందే, ఎందుకంటే నదిలో దొర్లినప్పుడు తగిలిన దెబ్బలకు వాటి తొక్క మీద చంద్రవంకల్లాంటి సన్నని పగుళ్ళు ఉంటాయి. వాటి లోతు దాకా అరగకపోతే చివరి మెరుగులో అవే ముందు కనిపిస్తాయి. దశ మారేటప్పుడు రాళ్ళను, డ్రమ్మును, మూతను, మూత గాడిని కూడా పాత పళ్ళ బ్రష్షుతో కడగాలి. ముతక పొడి గింజ ఒక్కటి పాలిష్‌లోకి జారినా ఆ వంతు (ఒకసారి డ్రమ్ములో వేసిన రాళ్ళు) మొత్తానికీ గీతలు పడతాయి. కరెంటు పోయి డ్రమ్ము ఆగితే కంగారు పడనక్కరలేదు, మళ్ళీ తిరిగినప్పుడు అడుగున పేరుకున్న పొడి దానంతట అదే కలుస్తుంది. ఎండాకాలంలో మాత్రం మోటారు వేడెక్కి బెల్టు సాగుతుంది కాబట్టి మధ్యాహ్నం ఆపి, రాత్రంతా తిప్పుతున్నాను.

గ్రానైటును ఇదే డ్రమ్ములో వేస్తే ఏమవుతుందో చూడాలని ఒక వంతు పూర్తిగా గ్రానైటు ముక్కలతోనే నడిపాను. ఆకారం చక్కగా గుండ్రబడింది, మెరుగు రాలేదు. కారణం రాయి కూర్పులోనే ఉంది. పలుగు కాఠిన్యం 7, ఫెల్డ్‌స్పార్ 6, అభ్రకం 3 లోపు. రాళ్ళు ఒకదానితో ఒకటి రాసుకునేటప్పుడు అభ్రకం రేకులు రేకులుగా ఊడిపోయి గుంట మిగులుతుంది, ఫెల్డ్‌స్పార్ పలుగుకంటే ముందు అరిగి కిందికి దిగుతుంది. ఫలితంగా జొన్నరొట్టె మీద పొక్కుల్లాగా ఉపరితలం ఎత్తుపల్లాలతో మిగిలిపోతుంది. ఎన్ని వారాలు తిప్పినా ఆ ఎత్తుపల్లాలు పెరుగుతాయే తప్ప తగ్గవు. గ్రానైటుకు కావలసింది దొర్లింపు కాదు, ఖనిజాలన్నిటినీ ఒకే మట్టంలో కోసుకుపోయే గట్టి చదును ఉపరితలం. వంటగది బండలు మెరుగు పెట్టే మేస్త్రీలు వాడే డైమండ్ ప్యాడ్లు చేసే పని అదే. 50, 100, 200, 400, 800, 1500, 3000 ప్యాడ్లను వరుస తప్పకుండా, నీళ్ళు పారిస్తూ, వేగం తగ్గించుకునే వీలున్న పాలిషర్ మీద వాడితే అరచేతి వెడల్పు పింక్ గ్రానైటు ముక్క అద్దంలా వస్తుంది. 400 దగ్గరే అసలు తీర్పు తేలుతుంది. అక్కడ రాయిని ఆరబెట్టి, దీపం కింద వాలుగా పట్టి చూసినప్పుడు ఒక్క పాత గీత కనిపించినా 200కు వెనక్కి వెళ్ళాలి, ఎందుకంటే 800తో ఆ గీత పోదు. నీళ్ళూ కరెంటూ పక్కపక్కనే ఉండే పని కాబట్టి ఆ లైనుకు ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించిన తర్వాతే మొదలుపెట్టాలి.

డోలరైట్ ఇంకా మంచిది. దానిలోని రెండు ప్రధాన ఖనిజాలైన ప్లాజియోక్లేజ్, పైరాక్సీన్‌ల కాఠిన్యం ఇంచుమించు సమానం, గింజ సన్నం, అభ్రకం దాదాపు ఉండదు. అందుకే మెరుగు సమంగా పడుతుంది. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయంలో నల్లరాతి శిల్పాల మీది నునుపును ఒకసారి దగ్గర నుంచి చూస్తే ఈ మాట రుజువవుతుంది. డోలరైట్ ముక్కలకు గుట్టలు ఎక్కనక్కరలేదు, బ్లాక్ గ్రానైట్ పేరుతో అమ్మే దుకాణాల వెనక కోత తుంటలు పోగుపడి ఉంటాయి.

ఈ ఏడాది ఎక్కువ సమయం పట్టింది మాత్రం యూనకైట్‌కు. గ్రానైటులో పగుళ్ళ వెంట వేడి ద్రవాలు పారిన చోట ఫెల్డ్‌స్పార్ గులాబీ రంగులో మిగిలి, పక్కనే పిస్తా పచ్చ రంగు ఎపిడోట్ అనే ఖనిజం ఏర్పడుతుంది, ఆ గులాబీ, పచ్చ కలిసిన రాయే యూనకైట్. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు తవ్విపోసిన గుండ్లలో నాకు దొరికిన ముక్కను తడి కోత యంత్రం మీద 6 మిల్లీమీటర్ల పలకలుగా కోశాను. పలకను ఎండలో గంట సేపు ఉంచి, వేడి మీదే పగుళ్ళ వెంట పలుచని ఫెవిక్విక్ దిగేలా వేస్తే, తర్వాత సానకు అవి విచ్చుకోవు. 30×22 మిల్లీమీటర్ల కోడిగుడ్డు ఆకారపు అచ్చు పెట్టి, మొన అరగదీసిన అల్యూమినియం తీగతో గీత గీయాలి, పెన్ను గీత నీటికి పోతుంది. గీతకు బయట 2 మిల్లీమీటర్లు వదిలి కోసి, వెనక వైపు లక్కతో పుల్లకు అంటించుకోవాలి. రాయి గోరువెచ్చగా లేకపోతే లక్క పట్టినట్టే పట్టి, 80 రకం ముతక సాన చక్రం మీద ఊడిపోతుంది. 80తో అంచుకు 45 డిగ్రీల వాలు, ఆ వాలు పైన ఇంకో వాలు, వాటి మధ్య మెట్టును కొడుతూ గుబ్బ ఆకారం. అక్కడి నుంచి 220, 600, 1200, 3000. రాయిని ఒకే చోట నిలపకుండా మణికట్టు తిప్పుతూనే ఉండాలి, లేకపోతే గుబ్బ మీద చదును మచ్చలు పడతాయి. గులాబీ ఫెల్డ్‌స్పార్ తన మెట్ల వెంట చిన్న చిన్న పెచ్చులుగా లేచిపోయే గుణం ఉన్నది కాబట్టి 600 దగ్గర ఒత్తిడి తగ్గించి, ఎక్కువసేపు ఉండడం ఒక్కటే మార్గం. చివరకు తోలు మీద సీరియం ఆక్సైడ్ కంటే అల్యూమినియం ఆక్సైడే ఈ రాయికి మెరుగైన తళుకు ఇచ్చింది. పచ్చ భాగం ముందు మెరిసింది, గులాబీ భాగం ఓపిక పట్టించింది.

పొడి కోత ఎప్పుడూ కూడదు. గ్రానైటు, పలుగు ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నివారణే తప్ప నయం చేసే మందు లేదు. తడి కోతలోనూ ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి, పని బట్టలు ఇంట్లోకి తేకుండా అక్కడే తడపాలి. డ్రమ్ము అడుగున మిగిలే బురదను మోరీలో పోస్తే సిమెంటులా గట్టిపడుతుంది. బకెట్‌లో తేర్చి, ఎండబెట్టి, ఆవరణలో గుంతలకు వాడుతున్నాను. నీటి విషయంలో నల్లగొండ వాళ్ళకు వేరే చిక్కు ఉంది. ఈ గ్రానైటులోని ఖనిజాల నుంచే మన భూగర్భ జలాల్లోకి ఫ్లోరైడ్ దిగిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ బోరు నీళ్ళు చాలా చోట్ల చవుడుగా ఉండి, ఆరిన మెరుగు మీద తెల్లని పొర వదులుతాయి. చివరి కడుగుకు వాన నీళ్ళు పట్టి ఉంచుకోవడం, లేదంటే ఫిల్టరు నీళ్ళు వాడడం మేలు.

ప్రతి రాయికీ వెనక వైపు తెల్ల ఎనామిల్ చుక్క పెట్టి, ఆరాక నల్ల ఇండియన్ ఇంకుతో సంఖ్య రాస్తున్నాను. పుస్తకంలో అదే సంఖ్య కింద ఊరు, మండలం, నెల, వాగా చేనా తవ్విన మట్టా అన్నది, ఎవరి అనుమతితో తీసుకున్నానో అన్నది రాస్తాను. జిల్లా పేరు ఒక్కటే రాస్తే చాలదు. 2016 తర్వాత పాత మహబూబ్‌నగర్ జిల్లా ఐదు ముక్కలైంది కాబట్టి పాత డబ్బాల మీది చీటీలన్నీ మండలం పేరుతో మళ్ళీ రాయవలసి వచ్చింది.

ప్రస్తుతం బీచుపల్లి గులకరాళ్ళ వంతు 120/220 మీద తిరుగుతోంది. నాగార్జునసాగర్ వైపు ఒక ఇంటి పునాది తవ్వకంలో అడిగి తెచ్చుకున్న క్వార్ట్‌జైట్ ముక్కలు వాటి తర్వాత వేస్తాను, గింజకు గింజ అతుక్కుపోయిన రాయి కాబట్టి గ్రానైటులా గుంటలు పడదని నా అంచనా. యూనకైట్ పలకల్లో మిగిలినవి 600 దగ్గర ఆపి ఉంచాను, కొత్త 1200 బెల్టు వచ్చాక అవి ముందుకు కదులుతాయి.