సరుకు ఊపితే బండి ఊగాలి

తెనాలిలో మాకు సప్లై కంపెనీ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు పెళ్ళిళ్ళకీ పెద్దకర్మలకీ అద్దెకిస్తాం. నాన్న పెట్టిన షాపు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. చుట్టుపక్కల ఊళ్ళకి సామాను ట్రాలీ ఆటోలో పోతుంది. ఊళ్ళో సందుల్లోకి మాత్రం ఇప్పటికీ బల్లరిక్షాయే. దాన్ని తొక్కేది బాబాయి. రక్తసంబంధం ఏమీ లేదు. నేను గౌన్లు వేసుకునే రోజుల నుంచీ ఆయన మా షాపులోనే ఉన్నాడు, నన్ను ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు.

2019 మాఘమాసం. ఒకే సాయంత్రం రెండు చోట్లకి సామాను పంపాలి. బాబాయి టీ తాగి వచ్చేలోపు బండి సిద్ధం చేసేద్దామని కుర్రాళ్ళ చేత నేనే ఎక్కించాను. కుర్చీలు చేతికి దగ్గరగా ఉన్నాయని ముందు అవి పెట్టించాను. పెద్ద గుండిగ, అందులో పాతిక కిలోల బియ్యం బస్తా, దాని మీద గరిటెలు, జల్లెళ్ళు అన్నీ చివర్లో వచ్చాయి కాబట్టి బల్ల చివరే పెట్టించాను. అన్నిటినీ చుట్టి ఒకటే నీలం ప్లాస్టిక్ తాడు. బాబాయి వచ్చి చూసి, "ఒక్కసారి విప్పి సర్దుదాం పాపా" అన్నాడు. టైమైపోతోంది, వెళ్ళిరమ్మన్నాను.

మా ఊళ్ళో ఎటు వెళ్ళినా కాలవ వంతెన ఒకటి ఎక్కి దిగాలి. వంతెన ఎక్కేటప్పుడు ఆయన దిగి హ్యాండిల్ పట్టుకుని లాగుతున్నాడు. సగం ఎక్కేసరికి ముందు చక్రం గాల్లోకి లేచింది. చక్రం లేచాక హ్యాండిల్ ఎటు తిప్పినా లాభం ఉండదు. బండి వెనక్కి వాలింది, బ్రేకేమో ముందు చక్రానికే ఉంది. ఆపుదామని ఆయన వెనక్కి పరిగెత్తాడు. తాడు గుండిగ పొట్ట మీదుగా పైకి జారిపోయింది, గుండిగ ఆయన పాదం మీద పడింది. రెండు ఎముకలు విరిగాయి. ఆరు వారాలు కట్టు.

తప్పు నాది. అందుకే అప్పటి నుంచి బండి కట్టడం ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. కాలికి కట్టుతో షాపు ముందు కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, నేనూ కుర్రాళ్ళూ కట్టేవాళ్ళం, ఆయన విప్పించేవాడు.

మొదట చెప్పింది ఇరుసు గురించి. వెనక రెండు చక్రాలనీ కలిపే ఇరుసు ఎక్కడుందో ముందు చూసుకోవాలి. బరువైనవన్నీ ఆ గీత దగ్గర, కొంచెం ముందుకి రావాలి. ఇరుసు దాటి వెనక్కి పోయిన ప్రతి కిలో ముందు చక్రాన్ని పైకి లేపుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. అలాగని మొత్తం ముందుకి నెట్టేస్తే హ్యాండిల్ బరువెక్కి మలుపు తిరగదు. కట్టడం అయ్యాక బల్ల చివర చెయ్యి వేసి గట్టిగా కిందికి నొక్కి చూడాలి. ముందు చక్రం సులువుగా లేస్తే ఏదో బరువు వెనక ఉన్నట్టే.

తర్వాతది ఎత్తు. సైకిలు మలుపులో లోపలికి వాలుతుంది. మూడు చక్రాల బండి వాలలేదు. మలుపు తిరిగితే సరుకు బయటి వైపుకి పోవాలని చూస్తుంది, బరువు ఎంత ఎత్తులో ఉంటే బండిని అంత సులువుగా పడేస్తుంది. మలుపులో బ్రేకు కూడా వేస్తే మరీ ప్రమాదం. ముందు ఉన్నది ఒక్క చక్రమే కాబట్టి బండి ఏటవాలుగా, ముందు మూలకి పడుతుంది. అందుకే బ్రేకు మలుపుకి ముందే వేసెయ్యాలి, మలుపులో నడక వేగం దాటకూడదు. బియ్యం, గిన్నెలు, పొయ్యిలు కింద. కుర్చీలు, గుడ్డలు పైన.

ప్లాస్టిక్ కుర్చీల సంగతి కొంచెం చెప్పాలి. తేలికే కదా అని అందరూ వాటిని నిర్లక్ష్యం చేస్తారు. ఒకదాంట్లో ఒకటి పేర్చేకొద్దీ దొంతర ముందుకి వంగుతుంది, ఇరవై కుర్చీలకే వంపు కంటికి తెలుస్తుంది. అలా నిలబెట్టి ఎంత కట్టినా గతుకులో ఊగి తాడుని వదులు చేస్తుంది. మేం దొంతరల్ని పడుకోబెడతాం, ఒకటి ఇటు తిప్పి, ఒకటి అటు తిప్పి. ఒకదాని వంపు రెండోదానికి ఆనుతుంది.

గ్యాస్ సిలిండరు ఎప్పుడూ నిలబెట్టే. హోటళ్ళకీ వంటలకీ వాడే పెద్దదాంట్లో 19 కిలోల గ్యాసు, ఆపైన సిలిండరు బరువు. పడుకోబెడితే లోపలి ద్రవం వాల్వు దాకా వస్తుంది. రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, సీటు వెనక మూలలో పెట్టి, దానికంటూ వేరే తాడు వెయ్యాలి. ఈ ఒక్క విషయంలో మా షాపులో బేరం లేదు.

ఇక తాడు. నేను అప్పటిదాకా తాడు అంటే సరుకు పడిపోకుండా అడ్డం పడేది అనుకున్నాను. బాబాయి చెప్పింది వేరు: తాడు పని సరుకుని బల్లకి అదమడం. అదిమితే రాపిడి పెరుగుతుంది, రాపిడే సరుకుని పట్టుకుంటుంది. గుండిగ పొట్ట చుట్టూ అడ్డంగా తాడు చుడితే అది దేన్నీ అదమదు. గుండిగ దానంతటదే ఓ మూట అవుతుంది, ఆ మూట మొత్తం జారుతుంది. ఆ రోజు జరిగింది అదే. తాడు గుండిగ చెవుల్లోంచి దూరి, రెండు పక్కలా కిందికి వచ్చి బల్ల కొక్కేలకి తగులుకోవాలి. గిన్నెల కింద గోనెసంచి పరవాలి. రేకు బల్ల మీద అల్యూమినియం గిన్నె సబ్బులా జారుతుంది, గోనె వేస్తే కదలదు. గిన్నెకీ గిన్నెకీ మధ్య కూడా గోనె ఉండాలి. సందు మిగిలితే చుట్టిన పట్టా ఏదైనా కూరెయ్యాలి. తాడు వెయ్యకముందే సరుకు దాదాపు కదలకుండా కూర్చోవాలని ఆయన పట్టుదల.

ఏ తాడు అన్నది కూడా చూస్తాడు. నీలం ప్లాస్టిక్ తాడు నున్నగా ఉంటుంది, ముడి జారుతుంది, ఎండకి పెళుసెక్కుతుంది. జనపనార తాడుకి పట్టు బాగుంటుంది గానీ వానకి తడిస్తే బిగుసుకుని, ఆరాక వదులవుతుంది. కాబట్టి వాన వెలిశాక ఒకసారి బండి ఆపి చూసుకోవాలి. పాత సైకిల్ ట్యూబులు కోసి చేసిన రబ్బరు పట్టీలు దుప్పట్లకీ, పట్టాలకీ మంచివి. బరువుకి పనికిరావు, సాగుతాయి. సాగిందంటే సరుకు ఊగుతోందని అర్థం.

బిగించే పద్ధతి చేతికి రావడానికి నాకు నెల పట్టింది. తాడు ఒక కొస ఒక పక్క కొక్కేనికి కట్టి, సరుకు మీదుగా రెండో పక్కకి తెస్తాం. నడుమెత్తులో తాడుని మెలిపెట్టి చిన్న ఉచ్చు చేస్తాం. కొసని కింద కొక్కెం చుట్టూ తిప్పి, పైకి తెచ్చి, ఆ ఉచ్చులోంచి దూర్చి కిందికి లాగుతాం. లారీల వాళ్ళు టార్పాలిన్ కట్టేటప్పుడు చూడండి, ఇలాగే లాగుతారు. ఉత్త చేత్తో లాగినదానికన్నా బిగువు చాలా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఒకే లాగు తాడు మీద పలు పేటలుగా పని చేస్తుంది. చివర జారుముడి. దించేటప్పుడు కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది, కత్తితో పని లేదు. తాళ్ళు తక్కువలో తక్కువ రెండు, ముందు ఒకటి, వెనక ఒకటి, విడివిడిగా. ఒకటి తెగినా రెండోది ఉంటుంది.

షామియానా గడలు పొడుగు, బల్ల దాటి వెనక్కి వస్తాయి. వాటిని ముందు రెండు చోట్ల కట్టి ఒక మోపు చేసి, తర్వాత మోపుని బల్లకి కట్టాలి. విడిగా వేస్తే మధ్యలో గడ ఒక్కటి సన్నగా జారి వెనకొచ్చే స్కూటరు వాడి ముఖానికి తగులుతుంది. చివర ఎర్ర గుడ్డ ఎలాగూ కడతాం. బండి ఎడమకి తిరిగితే గడల కొసలు కుడికి విసురుతాయని తొక్కేవాడికి గుర్తుండాలి.

బయల్దేరిన వంద గజాలకి ఆపి మళ్ళీ బిగించాలి. గతుకులకి సరుకు సర్దుకుంటుంది, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి ఇంకాస్త దిగుతాయి, తాడు వదులవుతుంది. ఇది నేను ఎవరికి చెప్పినా వినేసి ఊరుకుంటారు. మీరు మాత్రం దయచేసి ఆపండి.

నిరుడు బ్యాటరీ బండి కొన్నాం. బాబాయి పాదం చలికాలంలో ఇప్పటికీ నొప్పి పెడుతుంది, తొక్కనివ్వడం నాకు ఇష్టం లేదు. ఇలాంటి సరుకు బండ్లకి రూల్స్‌లో 310 కిలోల బరువు, గంటకి 25 కిలోమీటర్ల వేగం దాటకూడదని ఉంది. తొక్కుడు బండి కంటే వేగం రెట్టింపు కదా. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు అవుతుంది, బ్రేకు వేసినప్పుడు సరుకు ముందుకొచ్చి నడిపేవాడి వీపుకే తగులుతుంది. మోటారు వచ్చింది కాబట్టి కట్టడంలో సులువు చేసుకుందాం అన్న కుర్రాడికి ఇదే చెప్పాను. సీటు వెనక ఇప్పుడు నడుమెత్తు ఇనుప చట్రం వెల్డింగ్ చేయించాం.

నిన్న కొత్త కుర్రాడు మొదటిసారి ఒంటరిగా లోడు కట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. బాబాయి కుర్చీలోంచి లేచి వచ్చి, గుండిగ చెవులు రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. ఆయన పరీక్ష అదొక్కటే. సరుకు ఊపితే బండి మొత్తం ఊగాలి. సరుకు ఒక్కటే ఊగితే విప్పి మళ్ళీ కట్టాలి.

కుర్చీలు కదిలాయి. కుర్రాడు నా వైపు చూశాడు. పెళ్ళివాళ్ళు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి మోగితే నేనే తీసి, ఇంకో పావుగంట పడుతుందండీ అని చెప్పాను. కుర్రాడు వెనక తాడు విప్పడం మొదలుపెట్టాడు.