మా మంగళగిరి చీరల లైవ్ ఎవరి చానల్లో పెట్టాలి? నా అనుభవం

మాది మంగళగిరి. మా బాబాయితో పాటు ఇంకో తొమ్మిది ఇళ్ల వాళ్లు గుంట మగ్గాల (నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గాలు) మీద నేసే చీరలు తీసుకుని ఆన్‌లైన్లో అమ్ముతుంటాను. మొదట్నుంచీ అంతా వాట్సాప్ గ్రూపులోనే నడిచింది. పోయిన ఏడాది దసరా ముందు 160 చీరలు బీరువాల్లో ఉండిపోయాయి. నేతగాళ్లకి కూలీ ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది. సరే, యూట్యూబ్‌లో లైవ్ పెట్టిద్దాం అనుకున్నాను. చీరల లైవ్ గురించి మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. చీర చూపించి కోడ్ నంబరు చెప్తారు, నచ్చినవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేస్తారు, ముందు డబ్బు వేసినవాళ్లది చీర.

మొదట వెళ్లింది పెద్ద చానల్‌కే. 9 లక్షల సబ్‌స్క్రైబర్లు. గంటకి 40 వేలు, పైన నాలుగు చీరలు అడిగారు. చీర మీద నాకు మిగిలేది సగటున 250. అంటే ఉన్న 160 చీరలూ అమ్ముడైతే ఆ చానల్ నడిపే ఆవిడ ఫీజు వస్తుంది, నాకు రూపాయి మిగలదు. ఆ లెక్క ముందే వేసుకున్నాను. అయినా నలుగురికీ తెలుస్తాం, తర్వాత్తర్వాత కలిసొస్తుంది అనుకుని ఒప్పుకున్నాను.

ఆ రాత్రి ఒకేసారి 2 వేల మందికి పైగా చూశారు. కోడ్ 27, నెమలికంఠం రంగు, నిజాం అంచు. అది తెర మీదకి రాగానే ఐదు నిమిషాల్లో 140 స్క్రీన్‌షాట్లు వచ్చి పడ్డాయి. ఉన్నది ఒక్కటే చీర. మగ్గం సంగతి చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? బాబాయి ఒక పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు) వేస్తే వచ్చేవి నాలుగైదు చీరలు. వాన పట్టి గుంటలో నీరు ఊరిందంటే అవీ ఆగిపోతాయి. మిగతా 139 మందికీ 'అయిపోయింది మేడమ్' అని నేనూ మా చెల్లెలూ రాత్రి రెండింటిదాకా టైప్ చేస్తూ కూర్చున్నాం. ఒక్కటే ఉంటే చూపించడం ఎందుకని కొందరు గట్టిగానే అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమే.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. నూలు చీర పట్టుకుని ఆవిడ 'పట్టులా మెరిసిపోతోంది చూడండి' అన్నారు. వెళ్లిన 34 పార్సిళ్లలో ఆరు 'ఇది పట్టు కాదు' అంటూ తిరిగొచ్చాయి. డబ్బు తీసుకుని చేస్తున్న ప్రచారమని తెర మీద వేయమంటే, వేస్తే జనం వెళ్లిపోతారని వాళ్ల మేనేజరు ఒప్పుకోలేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ మాట లైవ్ నడిచినంతసేపూ కనిపించాలి, అదీ ప్రచారం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే. నాకు ఆ సంగతి తెలిసి కూడా ఊరుకున్నాను. అది నా తప్పు.

మర్నాడు బాబాయి, "ఎన్ని వెళ్లాయమ్మాయ్?" అని అడిగితే నోరు పెగల్లేదు.

తర్వాత రెండు వారాలు రోజూ రాత్రి నోట్‌బుక్ పెట్టుకుని 11 చిన్న చానళ్ల పాత లైవ్‌లు మొదట్నుంచీ చివరిదాకా చూశాను. సబ్‌స్క్రైబర్ల అంకె రాసుకోవడం మానేశాను. చాట్‌లో ఏం అడుగుతున్నారన్నది రాసుకున్నాను. కొన్నిచోట్ల అన్నీ 'సూపర్ అక్కా', 'మీ కమ్మలు ఎక్కడ కొన్నారు' లాంటివే. వాళ్లు లైవ్ చేసే ఆవిడ కోసం వచ్చినవాళ్లు, చీర కోసం కాదు. కొన్నిచోట్ల 'ధర ఎంత', 'జాకెట్టు ముక్క ఉందా', 'బెంగళూరుకి ఎన్ని రోజులు' అని అడుగుతున్నారు. ఇవి కొనేవాళ్ల మాటలు. అదే పేరు రెండో లైవ్‌లోనూ కనిపిస్తే గుండ్రం చుట్టుకున్నాను. ఒకసారి కొని మళ్లీ వచ్చారంటే మొదటి పార్సిల్ బాగానే చేరినట్టు. అంతకుముందు వాళ్లతో లైవ్ చేయించిన ఇద్దరు అమ్మకందారులకి ఫోన్ చేసి ఒకటే అడిగాను, ఎన్ని ఆర్డర్లు వచ్చాయని కాదు, ఎన్ని పార్సిళ్లు తిరిగి రాకుండా కొన్నవాళ్ల దగ్గరే ఉండిపోయాయని.

అలా దొరికినావిడది తెనాలి. 14 వేల మంది సబ్‌స్క్రైబర్లు. టిక్‌టాక్‌లో వంటలు పెట్టేదట, 2020 జూన్‌లో దాన్ని నిషేధించాక యూట్యూబ్‌కి వచ్చింది. 5 వేలు, పైన అమ్ముడైన చీరకి 50 చొప్పున అడిగింది. "అక్కా, మగ్గం దగ్గరే కూర్చుని చేద్దాం, మీ బాబాయిగారిని కూడా కూర్చోబెట్టండి" అంది. స్కెచ్ పెన్నుతో 'ఇది డబ్బు తీసుకుని చేస్తున్న ప్రచారం' అని పెద్ద అక్షరాలతో రాసి, మగ్గం వెనక గోడకి తనే అంటించింది. శనివారం రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాం. అమెరికాలో తూర్పు వైపు ఉన్న మనవాళ్లకి అప్పుడు పొద్దున పదకొండున్నర.

చూసినవాళ్లు 130 మంది దాటలేదు. కానీ ప్రతి ప్రశ్నకీ జవాబు దొరికింది. ఒకావిడ, "అంచు పక్కన ఆ చిల్లులేంటి, డ్యామేజా?" అని అడిగింది. బాబాయి చీర కొంగు ఫోన్‌కి దగ్గరగా పట్టుకుని, "డ్యామేజీ కాదమ్మా. నేసేటప్పుడు గుడ్డ వెడల్పు ముడుచుకుపోకుండా రెండు పక్కలా సూదులు గుచ్చి సాగదీస్తాం, ఆ గుర్తులివి" అని మగ్గం మీద ఉన్న గుడ్డలోనే చూపించాడు. అంతకుముందు ఆ చిల్లుల వల్లే నాకు ఎన్ని చీరలు తిరిగొచ్చాయో! రింగ్ లైట్ కింద నెమలికంఠం ఉత్త నీలంలా కనిపిస్తుంది కాబట్టి, పగలు వాకిట్లో తీసిన ఫొటోలు ముందే పెట్టుకున్నాం. రంగు అడిగినవాళ్లకి వెంటనే అవి పంపాను. 43 చీరలు వెళ్లాయి, తిరిగొచ్చింది ఒక్కటి. ఆవిడకి 7,150 ఇచ్చాను, నాకు 3,600 మిగిలింది.

ఆ తర్వాత ఇంకొన్ని చిన్న చానళ్లలోనూ లైవ్ పెట్టించాను. వాళ్లతో శ్రమ తక్కువేం కాదు. ఒకమ్మాయి పిల్లాడికి జ్వరమని గంట ముందు మానేసింది. ఇంకొకరి ఫోన్ వేడెక్కి లైవ్ మధ్యలో ఇరవై నిమిషాలు ఆగిపోయింది. నలుగురితో నాలుగుసార్లు మాట్లాడుకోవాలి, నాలుగుసార్లు చీరలు సర్దుకోవాలి. అయినా దీపావళికి నా దగ్గర 11 చీరలే మిగిలాయి.

అలాగని పెద్ద చానళ్లు పనికిరావని నేను అనను. రంగుకి ఒక్కో చీరే ఉన్నప్పుడు వేలమందిని పిలవడం తప్పు, అంతే. సంక్రాంతికి 3 లక్షల మంది ఉన్న ఇంకో చానల్‌కి వెళ్లాను. ఈసారి చీర ఒక్కటీ ఇవ్వలేదు. మీటర్లలో అమ్మే మంగళగిరి గుడ్డ మాత్రమే ఇచ్చాను, 12 రంగులు, ఒక్కో రంగూ 60 మీటర్లు. నేతగాళ్ల దగ్గర అది తానులకి తానులు ఉంటుంది. ఎన్ని మీటర్లు మిగిలిందో తెర మీద కనిపించాలి, పట్టు అన్న మాట రాకూడదు, ప్రచారమన్న మాట చివరిదాకా ఉండాలి అని ముందే కాగితం మీద రాయించుకున్నాను. ఆ లైవ్‌లో పది రంగులు పూర్తిగా అయిపోయాయి. ఎవరికీ 'లేదు మేడమ్' అని రాత్రంతా రాయాల్సిన పని పడలేదు.

మొదటి లైవ్‌లో కోడ్ 27 దొరకని 139 మంది నంబర్లు నేను తీసేయలేదు, వచ్చిన వరసలోనే నోట్‌బుక్‌లో రాసి ఉంచాను. వానలు తగ్గి గుంట ఆరాక బాబాయి మళ్లీ నెమలికంఠం పడుగు ఎక్కించాడు. మొదటి పేరు నుంచి ఒక్కొక్కరికీ 'మీరు అడిగిన చీర మగ్గం మీద ఉంది, పది రోజుల్లో దిగుతుంది, కావాలా' అని మెసేజ్ పెట్టుకుంటూ వచ్చాను. వద్దన్నవాళ్లు పోగా, ఐదో చీర మగ్గం దిగే లోపే ఐదుగురూ డబ్బు వేసేశారు. ఇప్పుడు మూడో పడుగు నడుస్తోంది, లిస్టులో 31వ పేరు దగ్గర ఉన్నాం.