297 కిలోమీటర్లకు ఆరు గంటలు: సింగపూర్ నుంచి కౌలాలంపూర్

చాంగీ విమానాశ్రయం నుంచి కౌలాలంపూర్ విమానాశ్రయానికి గాలిలో దూరం సుమారు 297 కిలోమీటర్లు. టికెట్ మీద గంటా పది నిమిషాలని వేశారు. అక్క కూతురి బారసాలకి శుక్రవారం పొద్దున బయల్దేరతామంటే, "గంట ప్రయాణమేగా, టిఫిన్ ఇక్కడే చేద్దురుగానీ" అంది అక్క.

మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు, అంటే ఆ దేశంలోకి వచ్చేవాళ్ళు వివరాలిచ్చే ఫారం, ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. మాది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి, సింగపూర్‌లో ఉంటున్నా ఇది తప్పదు. వీసా మాత్రం అక్కర్లేదు. 2023 డిసెంబరు నుంచి మనవాళ్ళకి 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తున్నారు.

పది గంటల ఫ్లైటుకి ఏడింటికే చాంగీ దగ్గరున్న టాంపినీస్‌లో మా ఇంటికి తాళం వేశాం. చాంగీలో ఇమిగ్రేషన్ చిటికెలో అయిపోతుంది. కానీ నాలుగో టెర్మినల్ తప్పించి మిగతా వాటిలో సెక్యూరిటీ చెకింగ్ గేటు దగ్గరే ఉంటుంది. అక్కడ బాటిల్లో నీళ్ళు పారబోయాలి, బెల్టు తీయాలి. షాపులు చూస్తూ తిరిగి ఆఖరి నిమిషంలో గేటుకి చేరితే టెన్షనే. మావారికి ఆ టెన్షన్ అంటే ఇష్టం, నాకు కాదు.

నిజంగా గాలిలో ఉండేది ముప్పావు గంటే. మిగతా సమయమంతా రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్ళడానికి, దిగాక గేటు చేరడానికి పోతుంది. ఇంత తక్కువ దూరంలో విమానం ఎక్కువసేపు ఎత్తులో ఉండదు. ఎక్కడం పూర్తయ్యిందో లేదో దిగడం మొదలు. నీళ్ళ కప్పు మూత తీసేలోగా సీటు బెల్టు గుర్తు మళ్ళీ వెలిగింది. కిటికీలోంచి చూస్తే కింద పామాయిల్ తోటలు, గళ్ళ చీర పరిచినట్టు వరసలు వరసలుగా కనిపించాయి.

అసలు ప్రయాణం దిగాకే. విమానాశ్రయం ఉన్నది ఊళ్ళో కాదు, సెపాంగ్‌లో. ఊరికి యాభై కిలోమీటర్ల పైమాటే. రెండో టెర్మినల్లో నడక, ఇమిగ్రేషన్ లైను, సామాన్ల బెల్టు, వీటికే గంట దాటింది. అక్కణ్ణుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో కేఎల్ సెంట్రల్‌కి 33 నిమిషాలు. అక్క వాళ్ళుండే బ్రిక్‌ఫీల్డ్స్ ఆ స్టేషన్ పక్కనే. రెండు దేశాలకీ గడియారం ఒకటే కాబట్టి ఆ తికమక లేదు. ఇంటికి చేరేసరికి ఒంటిగంట. టిఫిన్ కాదు, నేరుగా పప్పన్నమే.

బస్సయినా ట్రాఫిక్ లేకపోతే ఐదారు గంటలే, పైగా ఛార్జీ తక్కువ. కాకపోతే సరిహద్దుకి అటూ ఇటూ రెండుసార్లు దిగి పాస్‌పోర్టు తనిఖీ చేయించుకోవాలి, మలేషియా వైపు సామాను కూడా మోసుకోవాలి. సెలవుల ముందు సాయంత్రం రెండు దేశాల్నీ కలిపే జొహోర్ వంతెన మీద ఇరుక్కుంటే ఎప్పటికి బయటపడతామో చెప్పలేం. ఆ వంతెనకి సింగపూర్ వైపున్న వుడ్‌లాండ్స్ దగ్గర ఉండేవాళ్ళు మామూలు రోజుల్లో బస్సే చూసుకోండి. మాలాగా చాంగీ పక్కన ఉంటే, చంటిపిల్లలతో వెళ్తుంటే, విమానమే నయం.