అలంగ్ రోడ్డులో ఓడల పింగాణీ

గుజరాత్‌లోని భావ్‌నగర్ నుంచి, పాత ఓడల్ని విడగొట్టే అలంగ్ దాదాపు 50 కిలోమీటర్లు. త్రాపజ్ ఊరు దాటాక రోడ్డుకి అటూ ఇటూ ఓడల్లోంచి దించిన సామాన్ల దుకాణాలే. వీటిని ఇక్కడ ఖాడాలంటారు. మంచాలు, వంటగది సామాన్లు, లైఫ్ జాకెట్లు దాటుకుంటూ పింగాణీ ఉన్న వరసకి వెళ్లాం.

ఏ ఓడదని అడిగితే చివరి పేరే చెబుతారు. ఓడల పేర్లు మారుతుంటాయి కాబట్టి ఆ పేరుతో పెద్దగా పని జరగదు. 1962లో ‘ఫ్రాన్స్’గా సముద్రమెక్కిన ఓడ తర్వాత ‘నార్వే’ అయి, 2006లో ‘బ్లూ లేడీ’గా ఇక్కడికొచ్చింది. ప్లేటు మీద ఉండేది ఆ ప్లేటు కొన్న నాటి ఓడ యజమాని కంపెనీ గుర్తు. పైగా అలంగ్‌లో ఓడలు విడగొట్టడం మొదలైందే 1983లో. విశాఖ, కాకినాడల నుంచి మనవాళ్లని రంగూన్ చేర్చిన బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అనే ఓడల కంపెనీ 1920ల నాటి కప్పు ఇక్కడి ఓడలోంచే దిగిందంటే అనుమానించాల్సిందే.

ముందు ప్లేటు తిరగేయాలి. అడుగున తయారీదారు ముద్ర ఉంటుంది. ‘ఇంగ్లండ్’ అన్న మాట చాలావరకు 1891 తర్వాతది. అమెరికా దిగుమతి చట్టం దేశం పేరు అడగడమే కారణం. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే సాధారణంగా ఇరవయ్యో శతాబ్దపు సరుకు.

తర్వాత కంపెనీ గుర్తు. టార్చి ఏటవాలుగా వేసి కత్తి గీతలు చూడాలి. గీతలు గుర్తుని కోసుకుంటూ పోతే అది మొదటినుంచీ ఉన్నదే కావచ్చు. గీతల మీదుగా గుర్తు కొత్తగా మెరుస్తుంటే తర్వాత అంటించినది. వేలికి ఎత్తు తగిలినంత మాత్రాన నకిలీ అనకూడదు. గ్లేజు, అంటే పింగాణీ మీది మెరుపు పూత, పైన అచ్చేసిన అసలు సరుకూ ఉంది. ‘టైటానిక్’ పేరున్న ప్లేటుకి మాత్రం బేరమే వద్దు. టైటానిక్ యజమాని వైట్ స్టార్ కంపెనీ పింగాణీ మీద కంపెనీ గుర్తే తప్ప ఓడ పేరు వేసేవారు కాదు.

చెంచాలకి ముందు అయస్కాంతం పెట్టి చూడాలి. ఈపీఎన్ఎస్ అంటే నికెల్ సిల్వర్ (పేరుకే సిల్వర్, నిజానికి రాగి, నికెల్, జింకుల మిశ్రమం) మీద వెండి పూత, దానికి అయస్కాంతం అంటదు. కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకీ అంటదు కాబట్టి వెనక ముద్ర కూడా చదవాలి. పూత అరిగేది ఎక్కువగా చెంచా గుంట అడుగున, బల్లకి రాసుకునే చోట.

ప్లేటుని వేలి గోటితో కొడితే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే ఎక్కడో సన్నని పగులు ఉండొచ్చు. కొన్నవాటిని ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, పెట్టెలో అంచు మీద నిలబెట్టాలి. పడుకోబెట్టి దొంతర పెడితే గతుకుల రోడ్డుకి అడుగువి పగులుతాయి.