ఓడిన మర్నాడు మా పక్కింటావిడ

2024 నవంబర్ 6 పొద్దున మా అట్లాంటా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో సగం మందికి పండగ, సగం మందికి ఏడుపు. అధ్యక్ష ఎన్నికల్లో కమలా హారిస్ ఓడిపోయారు, మా జార్జియాలో కూడా. నాకు ఓటు లేదు, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాణ్ణి. అయినా ఫోన్ కింద పెడితే ఒట్టు.

సాయంత్రం పక్కింటావిణ్ణి పలకరించి వద్దామని వెళ్లాను. నల్లజాతి ఆవిడ, రిటైరైన టీచరు, డెబ్బై దాటాయి. డైనింగ్ టేబుల్ నిండా కవర్లు. ముసలివాళ్లను కార్లో పోలింగ్‌కి తీసుకెళ్లిన వాళ్లకి ఒక్కొక్కరికీ థాంక్స్ కార్డు రాస్తున్నారు.

"బాధగా లేదా?" అన్నాను.

"రాత్రంతా ఏడ్చాను. కానీ వీళ్లతో మళ్లీ పనుంది కదా."

ఆవిడ నోట తరచూ వినే పేరు ఫ్యానీ లూ హేమర్. మిసిసిపీలో పత్తి కూలీ, నల్లవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి. 1962లో ఓటు నమోదుకి వెళ్లారని ఉంటున్న చోటు నుంచి వెళ్లగొట్టారు, మరుసటేడు జైల్లో చావబాదారు. 1964లో అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కి పోటీ చేసి ఓడారు. అదే ఏడాది డెమొక్రటిక్ పార్టీ మహాసభలో, మిసిసిపీ నల్లవాళ్ల తరఫున వెళ్లిన వాళ్ల బృందానికి రెండు సీట్లు విదిలిస్తే వద్దు పొమ్మన్నారు. 1971లో రాష్ట్ర సెనేట్‌కి నిలబడి మళ్లీ ఓడారు.

నాకు వీటన్నిటికంటే నచ్చింది ఆమె పెట్టిన పందుల బ్యాంకు. చూలు పందిని పేద కుటుంబానికి ఇస్తారు. ఈనాక పిల్లలు వాళ్లవి, తల్లి తిరిగి బ్యాంకుకి. మా ఊళ్లో గేదెను పాలుకిచ్చినట్టే, కాకపోతే ఇక్కడ లాభమంతా లేనివాడికే. ఓటు హక్కడిగితే పని ఊడబీకే చోట, ఇంట్లో తిండి ఉన్నవాణ్ణి బెదిరించడం అంత తేలిక కాదు. ఎన్నికల్లో ఓడిన మనిషి పందుల లెక్క చూసుకోవడం రాజకీయం కాదనుకునేవాళ్లకి రాజకీయం తెలీదని నా అభిప్రాయం.

పక్కింటావిడా అంతే. ఆశ గురించి ఉపన్యాసం ఎప్పుడూ ఇవ్వలేదు, 2025 అంతా కరెంటు బిల్లుల గురించే మాట్లాడారు. ఇక్కడ రేట్లు తేల్చేది పబ్లిక్ సర్వీస్ కమిషన్. దానికి ఎన్నికలుంటాయని మా గ్రూపుల్లో చాలామందికి తెలీదు. నవంబర్‌లో అందులో ఎన్నిక జరిగిన రెండు సీట్లూ హారిస్ పార్టీ డెమొక్రాట్లకే వచ్చాయి, ఒకటి అలీషా జాన్సన్ అనే నల్లజాతి మహిళకి.

అభినందిద్దామని వెళ్తే, వచ్చే ఏడాది జాబితా ముందేసుకుని కూర్చున్నారు. నాకింకా ఓటు రాలేదని గుర్తు చేశాను.

"ఓటు లేకపోతేనేం, కారుందిగా" అన్నారు.