పొట్టేలు కొవ్వు తేలేది పెద్ద పొట్టలోనే

కట్టి మేపే పొట్టేళ్లకు మొక్కజొన్న దట్టిస్తే త్వరగా బరువొస్తాయి, నిజమే. ఆ బరువులో ఎలాంటి కొవ్వు చేరుతోందన్నది మాత్రం పెద్ద పొట్ట (రూమెన్) లోని సూక్ష్మజీవుల చేతిలో ఉంటుంది. భీమిలి, ఆనందపురం వైపు పాకల్లో మేపేవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి.

పచ్చగడ్డిలో లినోలెనిక్ ఆమ్లం ఎక్కువ. అది ఉన్నదున్నట్టు కండలోకి పోదు. ఇలాంటి అసంతృప్త కొవ్వు బ్యూటిరివిబ్రియో జాతి బ్యాక్టీరియాకి పడదు. అందుకని హైడ్రోజన్ ఎక్కించి స్టియరిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. మాంసం పులుసు చల్లారగానే పైన తెల్లగా గడ్డకట్టే కొవ్వులో ఇది బాగా ఉంటుంది. అయితే అంతా మారదు. మధ్యలో తయారైన వ్యాక్సెనిక్ ఆమ్లం కొంత జారిపోయి, ఒంటి కొవ్వులో సీఎల్ఏ (కాంజుగేటెడ్ లినోలెయిక్ ఆమ్లం) అనే కొవ్వు ఆమ్లం అవుతుంది. పచ్చిమేత తిన్న జీవాల్లో ఇదీ, ఒమేగా-3 కూడా ఎక్కువే.

గింజలు ఎక్కువైతే లెక్క తిరగబడుతుంది. పిండిపదార్థం తినే స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. పొట్టలో పులుపు పెరిగి పీహెచ్ 6 కిందికి దిగితే పీచు అరిగించే ఫైబ్రోబ్యాక్టర్, రుమినోకాకస్ బ్యాక్టీరియా మెతకబడతాయి. 5.5 దాటి ఇంకా పడితే జీవం మేత మానేస్తుంది. మరోపక్క గింజలు పులిసినప్పుడు వచ్చే ప్రొపియోనేట్ అనే ఆమ్లం కాలేయం వాడుకోగలిగినదానికి మించి తయారై, చర్మం కింద కొవ్వు వేళ్లకంటేంత మెత్తబడుతుంది. గింజను మెత్తగా పిండి పట్టించకండి. నూక సైజు చాలు. పిండైతే పొట్టలో ఇంకా తొందరగా పులుస్తుంది.

20 కిలోల పొట్టేలుకి రోజుకు సుమారు 800 గ్రాముల ఎండు పదార్థం కావాలి. దాణా 300 గ్రాములు, పచ్చిమేత కిలోన్నర, వేరుశనగ కట్టె (కాయలు కోసుకున్నాక మిగిలిన ఎండు తీగ) 250 గ్రాములు పెడితే సరిపోతుంది. పది కిలోల దాణాకి మొక్కజొన్న నూక 4 కిలోలు, వేరుశనగ చెక్క 2, నూనె తీసిన తవుడు 2, కందిపొట్టు 1.6 కిలోలు, గొర్రెల ఖనిజ మిశ్రమం 200 గ్రాములు, సున్నపురాయి పొడి 100, ఉప్పు 100 గ్రాములు. సున్నపురాయి మానొద్దు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువైతే పొట్టేళ్లకు మూత్రంలో రాళ్లొస్తాయి. గేదెల ఖనిజ మిశ్రమం మాత్రం వాడకండి, అందులోని రాగి గొర్రె కాలేయంలో పేరుకుని చంపేస్తుంది. మన తీరం తేమకి చెక్కకు బూజు తొందరగా పడుతుంది, ముక్క విరిచి వాసన చూశాకే కలపండి.

దాణా మొదటి మూడు రోజులు 50 గ్రాములే. తర్వాత మూడు రోజులకోసారి 50 పెంచితే పదహారో రోజుకి 300 చేరుతుంది. కొత్త మేతకు బ్యాక్టీరియా సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, తొందరపెడితే కుదరదు. ముందు కట్టె వేయండి, తర్వాత దాణా, అదీ రెండు పూటలుగా.

మధ్యాహ్నం నీడన పడుకున్న మందను చూడండి. సగానికి పైగా నెమరేస్తుంటే పొట్ట బాగున్నట్టే. పేడ ఉండలుగా కాక ముద్దగా పడుతుంటే దాణా రెండు రోజులు సగానికి తగ్గించండి. కల్యాణ మండపాల్లో మిగిలిన అన్నం తెచ్చి పోస్తే ఒక్క పూటలోనే పులుపు ముదురుతుంది: పళ్లు కొరుకుతాయి, ఎడమ డొక్క ఉబ్బి నీళ్లు ఊగినట్టు చప్పుడవుతుంది, పుల్లటి వాసనతో విరేచనాలవుతాయి. అప్పుడు 20 గ్రాముల తినే సోడా అర లీటరు నీళ్లలో కలిపి, గొంతుకు అడ్డం పడకుండా మెల్లగా తాగించి, వెంటనే పశువైద్యుడిని పిలవాలి. తొలకరి లేత గడ్డిమీద ఒక్కసారిగా విడిచినా, దాణా హఠాత్తుగా పెంచినా చిటుకు వ్యాధి (ఎంటరోటాక్సీమియా) వస్తుంది. టీకా వానలకు ముందే, మే నెలలో వేయించేయాలి.

అమ్మే ముందు నెలలో పచ్చిమేత తీసేసి ఒట్టి గింజలమీద పెట్టడం పెద్ద పొరపాటు. అవిశ, హెడ్జ్ లూసర్న్ (దశరథ గడ్డి) చివరి రోజు దాకా పెట్టండి. సుబాబుల్ అయితే మేతలో మూడో వంతు మించకూడదు, అందులో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది. కొనేవాళ్లకు ఒక మాట: గొర్రె కొవ్వు గడ్డి తిన్నా తెల్లగానే ఉంటుంది, ఆవు కొవ్వులా పసుపెక్కదు. కాబట్టి రంగు చూసి మేపు చెప్పలేం.