బీచ్ రోడ్డులో మా రొయ్యల పోస్టరు

భీమవరంలో విశాఖ రైలు ఎక్కేసరికే పైనా కిందా సామాన్లతో నిండిపోయింది. నా చేతిలోని మూడడుగుల ట్యూబు ఎక్కడ పెట్టాలో తోచక తుని దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను. మా జూనియర్ మాత్రం అరిసెల డబ్బాకి కిటికీ పక్కన దర్జాగా చోటు సంపాదించింది.

ట్యూబులో ఉన్నది విశాఖ సదస్సులో పెట్టాల్సిన నా పరిశోధన పోస్టరు. మా వైపు చెరువుల్లో ఈహెచ్‌పీ అనే జబ్బు ఉంది. ఇది వస్తే రొయ్య చావదు, ఎదగదు. మేత తింటూనే ఉంటుంది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) మాత్రం రాదు. బురదలో మిగిలిపోయే దీని స్పోర్లను (విత్తనాల్లాంటి కణాలను) చంపాలంటే పంట తీశాక చెరువు ఎండగట్టి, కాల్చిన సున్నం హెక్టారుకు 6 టన్నుల లెక్కన వేసి దున్ని, తడిపి, కొన్నాళ్లు వదిలెయ్యాలి. నేల పీహెచ్ 12 దాకా లేవాలి. ఈ సంగతి రైతులకు తెలుసు. అయినా ఎందుకు చెయ్యరన్నదే నా సర్వే. నాకు దొరికిన జవాబు చిన్నదే: చెరువు లీజుది, పంటకీ పంటకీ మధ్య రోజులు లేవు.

ఆ ఒక్క మాట దూరం నుంచే కనపడాలని నా పట్టుదల. మా రీసెర్చ్ గైడ్ గారేమో, "థీసిస్‌లో రెండు చాప్టర్లూ సర్దెయ్యమ్మా, ఖాళీ ఎందుకు?" అన్నారు. ఆయన కాలంలో పోస్టరంటే పేపర్‌ని పెద్దది చేసి గోడకి అంటించడమే. మైక్ మారిసన్ అనే అమెరికన్ సైకాలజీ పరిశోధక విద్యార్థి 2019లో ఇంకో పద్ధతి చూపించాడు. అసలు విషయం మధ్యలో పెద్దక్షరాల్లో ఒకే వాక్యంగా, వివరాలు పక్కన సన్నటి పట్టీల్లో, పూర్తి పేపర్ కావాలన్నవాళ్లకి క్యూఆర్ కోడ్. నాకది సగమే నచ్చింది. వాక్యం ఉండాల్సిందే, కానీ మా సబ్జెక్టులో కళ్లతో చూస్తేనే నమ్ముతారు. అందుకే వాక్యం కింద ఒకే చెరువులో ఒకే రోజు వేసిన రెండు రొయ్యల ఫొటో పెట్టాను. ఒకటి చూపుడు వేలంత, రెండోది అందులో సగం, పక్కన స్కేలు.

ప్రింటింగ్ సంగతి చెప్పాలి. మా ఊళ్లో పెద్ద సైజు ప్రింటంటే ఫ్లెక్స్ షాపే. "మేడమ్, ఫొటోలు ఎన్ని? మీది పైన పెద్దగా పెడదామా?" అన్నాడు ఆ అబ్బాయి. ఎప్పుడూ నాయకుల పుట్టినరోజు బ్యానర్లు వేసే చెయ్యి కదా, బంగారు రంగు బోర్డరూ, వెనకాల నీలం మెరుపూ పెడతానన్నాడు. తెల్ల బ్యాక్‌గ్రౌండే చాలని ఒప్పించేసరికి టీ రెండుసార్లు వచ్చింది. కానీ పనిలో గట్టివాడు. ఫ్లెక్స్ మెరుస్తుంది, లైటు పడితే అక్షరాలు పోతాయని మ్యాట్ వినైల్ చూపించాడు. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ ప్రింటులో చచ్చిపోతుందని ముందు చిన్న ముక్క వేసి చూపించాడు. నేను చేసిందల్లా మొత్తం పోస్టర్ని ఏ4 కాగితం మీద తీసి చేతిలో పట్టుకుని చదవడం. అందులో కళ్లకి ఆనని అక్షరం బోర్డు మీదా ఆనదు. అలా రిఫరెన్సుల పట్టీ మొత్తం క్యూఆర్ కోడ్‌లోకి వెళ్లింది.

విశాఖలో దిగగానే ఆటో ఆయన ట్యూబు చూసి, "ఏటమ్మా అది, బేనరా?" అన్నాడు. పోస్టరన్నాను. "ఏ సినిమాది?" రొయ్యలదంటే బీచ్ రోడ్డు దాకా నవ్వుతూనే ఉన్నాడు.

వెలుగుండగానే కురుసురా చూశాం. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన సబ్‌మెరైన్, 2002 నుంచి ఒడ్డున మ్యూజియం. లోపల నేవీలో చేసి రిటైరైన గైడ్లు ఉంటారు. టార్పెడో గదిలో ఒకాయన మూడే మూడు మాటలు చెప్పాడు: ఇది ఏమిటి, ఎలా బయటికెళ్తుంది, ఆ పక్కనే మనిషి ఎక్కడ పడుకునేవాడు. వెనక జనం తోస్తుంటే అంతకన్నా చెప్పడానికి టైమెక్కడ? ఆ రాత్రి లాడ్జిలో నా మూడు నిమిషాల ప్రసంగాన్ని చింపేసి, ఆయన పద్ధతిలో మళ్లీ రాసుకున్నాను. జూనియర్ మురీ మిక్స్చర్ పొట్లం ఖాళీ చేస్తూ, "అక్కా, మొదట జబ్బు పేరు చెప్పకు, కౌంట్ రాలేదని చెప్పు" అంది. దాని బుర్ర బుర్రే.

మర్నాడు హాల్లో థర్మోకోల్ బోర్డులు వరసగా పెట్టారు, పిన్నులు మాత్రం ఇవ్వలేదు. డబుల్ టేపు అంటిద్దామంటే సముద్రం గాలికి చెమ్మ, తలుపు తీసినప్పుడల్లా పోస్టరు తెరచాపలా లేస్తోంది. చివరికి మా జూనియర్ జడపిన్నులన్నీ నాలుగు మూలలా గుచ్చేశాం.

మొదటి అరగంట ఈగ లేదు. టీ ఇచ్చాక గ్లాసులతో జనం వచ్చారు. గమనించినదేమిటంటే, అందరూ ముందు ఫొటో దగ్గర ఆగారు, తర్వాతే వాక్యం చదివారు. గ్రాఫు అడిగినవాళ్లు తక్కువ. జడ్జీలు ఇద్దరొచ్చి, శాంపిల్ సైజు అడిగి, రాసుకుని వెళ్లిపోయారు. టెన్షన్ పడ్డంత సేపు కూడా పట్టలేదు.

ఆ తర్వాత భీమిలి వైపు హేచరీలో, అంటే రొయ్య పిల్లల్ని తయారుచేసే చోట, పనిచేసే ఒకాయన వచ్చాడు. బ్యాడ్జీ కూడా లేదు, ఎవరితోనో వచ్చినట్టున్నాడు. పోస్టరంతా చదివి, "లీజు రైతు సున్నం వెయ్యలేదు సరే. రొయ్య పిల్లతోనే జబ్బు రాలేదని మీకెలా తెలుసు?" అన్నాడు. రైతుల దగ్గరున్న సీడ్ రిపోర్టులు (పిల్లల్ని పరీక్షించిన కాగితాలు) చూశానన్నాను. "ఆ రిపోర్టు ఏ బ్యాచ్‌దో చూశారా?" అక్కడ దొరికిపోయాను. తనే బల్ల మీద కాగితం లాగి, ఒకే హేచరీ పిల్ల వేసిన రెండు చెరువులు, ఒకటి సున్నం వేసినదీ ఒకటి వెయ్యనిదీ, పక్కపక్కన గీసి చూపించాడు. టీ చల్లారిపోయింది, ఇద్దరం తాగలేదు.

ప్రైజు పక్క బోర్డుకి వెళ్లింది. సముద్రపు నాచు మీద చేసిన పని, నీటుగా ఉంది, ఇచ్చినా తప్పు లేదు.

తిరుగు రైల్లో ఆ కాగితాన్ని గైడ్ గారికి ఫొటో తీసి పంపాను. "మంచి స్టడీ డిజైన్, ఎవరిదమ్మా?" అని అడిగారు. చెప్పాను. "అయితే ఆయన్ని కూడా ఆథర్‌గా పెట్టు, ముందు శాంపిల్స్ తియ్యి" అన్నారు. పీసీఆర్ పరీక్షకి హెపాటోపాంక్రియాస్ (రొయ్య జీర్ణగ్రంథి) ముక్కల్ని 95 శాతం ఇథనాల్‌లో వేసి ఉంచాలి. అనకాపల్లి దాటకుండానే మా జూనియర్ ఏ రైతు చెరువులో రొయ్యల పట్టుబడి ఎప్పుడో కనుక్కోడానికి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది.